క్లోరిన్ పూల్‌లో ఈదే పాపకి దగ్గు, పిల్లికూతలు: ఈత మాన్పించాలా?

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న ముందు క్లుప్తంగా రాస్తాను. మీరు ఒంగోలులో ఉంటారు. పాపకి 13 ఏళ్ళు, జిల్లా తరఫున ఈదుతుంది, రోజుకి రెండు గంటల ప్రాక్టీసు. నాలుగు నెలలుగా ప్రాక్టీసు అయ్యి బట్టలు మార్చుకుని స్కూటర్ ఎక్కేసరికి దగ్గు మొదలవుతోంది. ఛాతీ పట్టేసినట్టుంటోంది, ఒక్కోసారి పిల్లికూతలు. వేసవిలో హైదరాబాదులో పైకప్పున్న పూల్‌లో పది రోజుల క్యాంపుకి వెళ్తే ఇంకా ఎక్కువైంది. కోచ్ స్టామినా లేదంటున్నారు. నాయనమ్మ ఈత మాన్పించమంటున్నారు. మందుల షాపులో దగ్గు సిరప్ ఇచ్చారు. ఈత మాన్పించాలా, పంపు (మందు పీల్చే ఇన్‌హేలర్) మొదలుపెడితే అలవాటు పడిపోతుందా, రాష్ట్ర పోటీలకి వెళ్తే పంపు వల్ల డోపింగ్ గొడవ వస్తుందా అని మీ మూడు ప్రశ్నలు.

జవాబు: మాన్పించక్కర్లేదు. కానీ ఊదే పరీక్ష చేయించి సంగతేమిటో తేలేదాకా గట్టి సెట్లు, అంటే వేగంగా కొట్టే ఈత రౌండ్లు, ఆపండి. పంపు అలవాటు పడదు. సరిగ్గా వాడితే డోపింగ్ ఇబ్బంది కూడా రాదు. ఇబ్బంది వస్తే ఆ సిరప్ వల్ల రావచ్చు, దాని సంగతి కింద చెబుతాను.

నేను నెల్లూరులో ఛాతీ డాక్టర్ని, పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. పొద్దున ఐదున్నర బ్యాచ్‌లో నేనూ పూల్‌లో దిగుతాను. చిన్నప్పటి నుంచి నాకూ ఉబ్బసం ఉంది. కాబట్టి ఈ దగ్గు నాకు బల్లకి రెండువైపుల నుంచీ తెలుసు.

ముందు గడియారం చూడండి

ఈత కొట్టే పిల్లల్ని తీసుకొస్తే నేను స్టెతస్కోప్ పెట్టకముందే అడిగేది దగ్గు ఎప్పుడు వస్తుందని. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

మీరు రాసినట్టు గట్టెక్కిన ఐదు, పది నిమిషాలకి మొదలై, ఇంటికెళ్ళి అరగంట, గంటలో దానంతట అదే తగ్గిపోతే, అది చాలావరకు వ్యాయామంతో వచ్చే శ్వాసనాళాల బిగింపు. గట్టి శ్రమ ఆపాక గాలిగొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఈదుతున్నంతసేపు పెద్దగా తెలియదు కాబట్టి కోచ్‌కి కనబడదు. ఆయనకి కనబడేది స్టాప్‌వాచ్‌లో చివరి సెట్ల టైమింగ్ పడిపోవడమే, దానికే స్టామినా అని పేరు పెట్టారు. ఆయన్ని తప్పు పట్టలేం.

రాత్రి రెండింటికో మూడింటికో దగ్గుతో లేస్తోందా అన్నది మీరు రాయలేదు. లేస్తుంటే ఉబ్బసమే ఉండి ఈతలో బయటపడుతోందని అనుకోవాలి.

రెండో రకం వేరు. ఈతలో ఊపు బాగా పెరిగినప్పుడే, నీళ్ళలో ఉండగానే, గొంతు దగ్గర ఎవరో నొక్కేసినట్టవుతుంది. గాలి లోపలికి పీల్చేటప్పుడు కూత వస్తుంది. ఆపి గట్టు పట్టుకుంటే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. ఇది ఊపిరితిత్తుల్లో లేదు, స్వరపేటికలో ఉంది. తెరుచుకోవాల్సిన చోట అది దగ్గరికి ముడుచుకుంటుంది. మీ పాప వయసు ఆడపిల్లల్లో, అందులోనూ బాగా పోటీపడే వాళ్ళలో ఇది తరచుగా చూస్తాం. పంపులు దీనికి పనిచేయవు. శ్వాస పద్ధతి నేర్పించే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాలి. నేను ఒక అమ్మాయికి ఎనిమిది నెలలు పంపు మీద పంపు మార్చి ఇచ్చాను, డోసు పెంచాను, ఆ తల్లిదండ్రులకి డబ్బు వదిలించాను. చివరికి వాళ్ళ నాన్న ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే కూత పీల్చేటప్పుడు వస్తోంది. మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. అందుకే ఇప్పుడు అందరినీ వీడియో తెమ్మంటాను. మీరూ తీయండి, గట్టెక్కిన దగ్గర నుంచి పదిహేను నిమిషాలు, శబ్దం వినబడేలా.

మూడోది, దిగిన కాసేపటికే కళ్ళు మంట, ముక్కు కారడం, గొంతులో గరగర, దగ్గు. పక్క లేన్ల పిల్లలు కూడా దగ్గుతుంటారు. అప్పుడు జబ్బు పిల్లలకి కాదు, నీళ్ళకి వచ్చింది.

ఇవి కలిసి కూడా రావచ్చు. మీ పాప విషయంలో మొదటిదీ మూడోదీ కలిశాయని నా అనుమానం, ఆ హైదరాబాదు క్యాంపు మాట వల్ల.

క్లోరిన్ ఏం చేస్తుంది

పూల్ దగ్గర ముక్కుకి తగిలే ఘాటు చూసి "అబ్బ, క్లోరిన్ బాగా వేశారు, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి" అంటారు. నిజానికి బాగా చూసుకునే పూల్‌లో వాసన పెద్దగా ఉండదు. ఆ ఘాటు క్లోరమైన్లది. చెమట, మూత్రం, ఒంటి మురికి, రాసుకున్న నూనె, వీటిలోని నత్రజనితో క్లోరిన్ కలిస్తే ఇవి తయారవుతాయి. వీటిలో ట్రైక్లోరమైన్ అనేది నీళ్ళలో ఉండలేక గాలిలోకి లేస్తుంది, లేచి నీటి మట్టానికి కాస్త పైనే పరుచుకుని ఉంటుంది. ఈతగాడు ఊపిరి తీసుకునేది సరిగ్గా అక్కడే. పైగా నోటితో తీసుకుంటాడు, ముక్కు వడకట్టే పని జరగదు. కదలకుండా కూర్చున్న పెద్దవాళ్ళు నిమిషానికి 6, 7 లీటర్ల గాలి పీలుస్తారు, పోటీ వేగంతో ఈదేటప్పుడు అది 100 లీటర్లు దాటొచ్చు. రోజుకి రెండు గంటలు, వారానికి ఆరు రోజులు, ఏళ్ళ తరబడి అలా పీలిస్తే గాలిగొట్టాల లోపలి పొర ఒరుసుకుపోయి చిన్నదానికే చిరాకు పడే స్థితికి వస్తుంది.

పైకప్పు ఉండి, గాలి బయటికిపోయే ఏర్పాటు సరిగ్గా లేని పూల్‌లో ఇది పోగుపడుతుంది. మీ పాపకి క్యాంపులో ఎక్కువ కావడానికి అదే కారణం అయ్యుండొచ్చు. మన వైపు ఎక్కువగా ఆరుబయటి పూల్‌లే, గాలికి చెదిరిపోతుంది. ఎండకి కొంత విరిగిపోతుంది కూడా. ఆ మేరకు మనం నయం.

అయితే మన దగ్గర వేరే తంటా ఉంది. ఎండకి క్లోరిన్ కూడా నిలవదు. మే నెలలో నెల్లూరు ఎండ సంగతి చెప్పాలా! దాంతో పూల్ కుర్రాళ్ళు కొలత లేకుండా బకెట్లో బ్లీచింగ్ కలిపి పోసేస్తారు. మా ఊళ్ళో ఒక పూల్‌లో (పేరు వద్దు) పొద్దున బ్యాచ్ దిగడానికి పావుగంట ముందు పోసేవాళ్ళు. మూలన తెల్లగా తేలుతూ ఉండేది. ఆ మూల లేన్‌లో ఈదిన రోజు నాకే మధ్యాహ్నం దాకా ఛాతీ గరగరలాడేది. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులున్నవాళ్ళకి ఈ బ్లీచింగ్ సంగతి బాగా తెలుసు. చెరువుకి బ్లీచింగ్ కొట్టాక అది విరిగేదాకా ఆగి గానీ పిల్ల వదలరు. రొయ్యపిల్లకి ఇచ్చే ఆ గడువు మన పిల్లలకీ ఇవ్వండయ్యా అని ఆ పూల్ నడిపే ఆయనతో అన్నాను. నవ్వాడు గానీ, ఆ తర్వాత రాత్రిపూట కలపడం మొదలుపెట్టాడు.

ఇంకొకటి, ఇది ప్రమాదం: బ్లీచింగ్ పౌడర్‌ని యాసిడ్‌తో గానీ, వేరే రకం క్లోరిన్ బిళ్ళలతో గానీ ఒకే బకెట్లో కలపకూడదు. యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బిళ్ళలతో కలిస్తే పేలే ప్రమాదమూ ఉంది. నీళ్ళ మోటారు గది వైపు నుంచి ఘాటు వస్తే ప్రాక్టీసు సంగతి తర్వాత, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి.

"మేం దిగుడు బావుల్లో, పెన్నలో ఈత నేర్చుకున్నాం, ఎవడికీ దగ్గు రాలేదు" అని మా నాన్న తరం వాళ్ళు అంటారు. నిజమే. వాళ్ళు తల పైకి పెట్టి అరగంట ఈది జామకాయలు తినడానికి పోయారు. రోజుకి నాలుగు కిలోమీటర్లు కొట్టలేదు.

మరి అంత చెడ్డదైతే మాన్పించమని ఎందుకు చెప్పట్లేదు?

ఎందుకంటే రెండు వైపులా ఆధారాలున్నాయి. ఒలింపిక్ స్థాయిలో ఆస్తమా ఎక్కువగా కనబడే ఆటల్లో ఈత ముందువరుసలో ఉంటుంది. ఫిన్లాండ్‌లో 42 మంది పోటీ ఈతగాళ్ళని ఐదేళ్ళు గమనించి 2002లో ప్రచురించారు. గట్టి శిక్షణ మానేసినవాళ్ళలో గాలిగొట్టాల చిరాకు, వాపు తగ్గాయి. కొనసాగించినవాళ్ళలో అలాగే ఉన్నాయి. అంటే ఎక్కువ శిక్షణ వల్ల వచ్చే నష్టం ఉంది, కానీ అది చాలామందిలో వెనక్కి మళ్ళేదే.

మామూలు మోతాదులో ఈదే ఉబ్బసం పిల్లల సంగతి వేరు. 18 ఏళ్ళ లోపు వాళ్ళ మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2013 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే సంస్థ) సమీక్షలో, ఈత వాళ్ళకి పడుతుందనీ, ఊపిరితిత్తుల పనితనం, ఒంటి దారుఢ్యం మెరుగవుతాయనీ తేలింది. వెచ్చటి తేమగాలి ఉబ్బసం ఛాతీకి మంచిదే. అదే పిల్ల పొడిగాలిలో పరుగెత్తితే ఇంకా తొందరగా బిగుసుకుంటుంది.

చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్న అమెరికా అమ్మాయి ఆమీ వాన్ డైకెన్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు తెచ్చుకుంది. అదే దేశపు టామ్ డోలన్‌కీ ఆస్తమానే. 400 మీటర్ల మెడ్లీలో (నాలుగు రకాల ఈతలూ కలిపి కొట్టే పోటీ) 1996లోనూ 2000లోనూ స్వర్ణం అతనిదే. ఈ పేర్లు పాపకి చెప్పండి, నాయనమ్మగారికీ చెప్పండి.

పూల్ మీద నింద వేసేముందు ఇంకొకటి చూడాలి. చీమకుర్తి నుంచి ఒక అబ్బాయిని తెచ్చారు, "ఈత పడట్లేదు సార్" అని. ఆదివారం పూల్‌కి సెలవు, ఆ రోజు దగ్గు ఎలా ఉంటుందని అడిగాను. ఆదివారమే ఎక్కువట! ఇంటికి దగ్గర్లోనే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. కిటికీ పట్టీ మీద వేలితో పేరు రాయొచ్చన్నాడు వాడు. ఈతకి వచ్చే రెండు గంటలే వాడి ఛాతీకి విశ్రాంతి. మన దగ్గర రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉండే చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ, దాని పుప్పొడి కూడా చాలామందికి పడదు. అందుకే ఈత లేని రోజు దగ్గు ఎలా ఉందో వారం రోజులు రాసి పెట్టండి.

పరీక్ష ఎలా చేయించాలి

స్పైరోమెట్రీ, అంటే ఊదే పరీక్ష, ఒంగోలులోనే చేస్తారు. మందు పీల్చకముందు, పీల్చాక రెండుసార్లు ఊదించాలి. ఇక్కడ ఈతగాళ్ళతో ఒక చిక్కు ఉంది. వీళ్ళ ఊపిరితిత్తులు మామూలు పిల్లల కంటే పెద్దవి. రిపోర్టులో, మామూలు పిల్లలకి ఉండాల్సిన దాంట్లో 95 శాతం వచ్చి "నార్మల్" అని ఉండొచ్చు, కానీ ఆ పిల్లకి అసలు ఉండాల్సింది 115 అయితే? కాబట్టి విశ్రాంతిగా ఉన్నప్పుడు చేసిన ఒక్క పరీక్ష బాగుందని వదిలేయకూడదు, శ్రమ చేయించి మళ్ళీ ఊదించాలి.

నేనైతే పూల్ దగ్గరే చూస్తాను. పీక్ ఫ్లో మీటర్ అని ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, కొన్ని వందల రూపాయలే. దిగేముందు మూడుసార్లు ఊది అందులో ఎక్కువది రాసుకోవాలి. మామూలుగా ఏ సెట్‌కి దగ్గు వస్తుందో ఆ సెట్ చేయించాలి. గట్టెక్కాక 5, 10, 15, 30 నిమిషాలకి మళ్ళీ ఊదించాలి. 15 శాతం కంటే ఎక్కువ పడిపోతే అనుమానం దాదాపు తీరినట్టే. అంటే ముందు 300 వచ్చింది, తర్వాత 250కి పడింది అనుకోండి, అది లెక్కలోకి వస్తుంది. మొదటిసారి ఇది డాక్టరు సలహాతో, చేతిలో పంపు ఉంచుకుని చేయండి.

పంపు అలవాటు, మందులు

పంపు అలవాటు పడుతుందన్న మాట నేను రోజూ వింటాను. కళ్ళజోడు అలవాటు పడుతుందా? అవసరం ఉన్నన్నాళ్ళు పెట్టుకుంటాం, అంతే. మాత్ర రూపంలో మిల్లీగ్రాముల్లో మింగే మందు పంపులో మైక్రోగ్రాముల్లో నేరుగా గాలిగొట్టంలోకి పోతుంది.

అలవాటు గురించి భయపడాల్సింది ఒక్కచోట ఉంది. నీలం పంపు, అంటే సాల్బుటమాల్, ఈతకి 15 నిమిషాల ముందు తీసుకుంటే బిగింపుని ఆపుతుంది. కానీ రోజూ అదొక్కటే వాడుతూ పోతే పనితనం తగ్గుతుంది, లోపలి వాపు అలాగే ఉంటుంది. 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు 12 ఏళ్ళు దాటినవాళ్ళకి ఉబ్బసంలో నీలం పంపు ఒక్కదానితో నెట్టుకురావద్దని చెబుతున్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ పంపు దానికి తోడు ఉండాలి. ఏది, ఎంత అన్నది పాపని చూసిన డాక్టరే చెప్పాలి, ఇక్కడ రాస్తే తప్పవుతుంది.

స్పేసర్, అంటే పంపుకి తగిలించి మందు పీల్చే గొట్టం లాంటి డబ్బా, తప్పనిసరిగా కొనండి. పంపు నోట్లో పెట్టి నాలుక మీద కొట్టుకుని "పనిచేయట్లేదు" అనే పిల్లల్ని వారానికి ఇద్దరినైనా చూస్తాను. స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించాలి. ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ మాత్ర మన దగ్గర జలుబుకి కూడా రాసేస్తున్నారు. అది వాడితే పాప నిద్ర, చిరాకు, మూడ్ గమనించండి. ఆ ఇబ్బందుల గురించే 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ మందు మీద గట్టి హెచ్చరిక వేయించింది.

మందు లేకుండా చేయగలిగింది వార్మప్. పది పదిహేను నిమిషాలు, మధ్యమధ్య చిన్న చిన్న స్ప్రింట్లు కలిపి చేస్తే ఆ తర్వాత గంటా రెండు గంటలు చాలామంది పిల్లల్లో బిగింపు తక్కువగా వస్తుంది. ఆలస్యంగా వచ్చి నేరుగా మెయిన్ సెట్‌లో దూకేవాళ్ళే ఎక్కువ దగ్గుతారు.

డోపింగ్

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. పీల్చే సాల్బుటమాల్‌కి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా అనుమతి ఉంది. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. మామూలు పంపు ఒక్క నొక్కుకి 100. అంటే 8 గంటల్లో 6 నొక్కులు. పాపకి అంతకంటే అవసరం పడుతోందంటే అది డోపింగ్ సమస్య కాదు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన సమస్య. పీల్చే స్టెరాయిడ్ పంపులకీ, ముక్కు స్ప్రేలకీ నిషేధం లేదు.

నిషేధం ఉన్నవి చూడండి: సాల్బుటమాల్ సిరప్ లేదా మాత్ర, ఏ రూపంలోనైనా టెర్బుటలిన్ (ఇదీ గాలిగొట్టాలు తెరిచే మందే), పోటీ సమయంలో మింగే స్టెరాయిడ్ మాత్రలు. మన మందుల షాపుల్లో ఇచ్చే దగ్గు సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటలిన్ ఉంటుంది. ఇంట్లో ఉన్న ఆ సీసా తీసి చిన్న అక్షరాలు చదవండి. ఉంటే పక్కన పెట్టేయండి. నెబులైజర్‌లో (మందుని ఆవిరిలా చేసి పీల్పించే యంత్రం) వేసే ఒక్క చిన్న మందు గొట్టంలోనే మామూలుగా 2500 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ ఉంటుంది, అదీ హద్దు దాటినట్టే. ప్రాణం మీదికి వస్తే ఇవేవీ ఆలోచించకుండా పెట్టించాలి, కాగితాలు దాచి తర్వాత వైద్య మినహాయింపుకి దరఖాస్తు చేసుకోవచ్చు. పిల్లలు కదా అని డోపింగ్ పరీక్షలో వదిలేయరు, జాతీయ పోటీలకి వెళ్ళే రోజు వస్తే మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ళు ఎవరినైనా పిలవచ్చు.

1972 మ్యూనిక్‌లో రిక్ డెమాంట్ అనే 16 ఏళ్ళ అమెరికా కుర్రాడు 400 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచాడు. అతని ఉబ్బసం మందులో ఎఫిడ్రిన్ ఉంది. వాడుతున్నానని ఫారంలో రాసే ఇచ్చాడు, పైవాళ్ళు చూసుకోలేదు. పతకం లాగేసుకున్నారు. మందుల చీటీ, డాక్టరు రిపోర్టు ఒక ఫైలులో పెట్టి పోటీలకి తీసుకెళ్ళమని నేను చెప్పేది అందుకే.

పూల్ వాళ్ళతో ఏం మాట్లాడాలి

గొడవ పెట్టుకోకండి, అంకెలు అడగండి. విడిగా ఉన్న క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) ఉండాలి, పీహెచ్ 7.2 నుంచి 7.8. అసలు అడగాల్సింది కలిసిపోయిన క్లోరిన్, అంటే పైన చెప్పిన క్లోరమైన్లు. మొత్తం క్లోరిన్‌లోంచి విడి క్లోరిన్ తీసేస్తే వచ్చేది. అది 0.2 లోపు ఉంటే హాయి, 0.4 దాటితే వాళ్ళు నీళ్ళు కొంత మార్చడమో, లెక్క ప్రకారం ఎక్కువ క్లోరిన్ వేసి ఒక రాత్రి పిల్లల్ని దించకుండా ఉంచడమో చేయాలి. చాలాచోట్ల విడి క్లోరిన్ ఒక్కటే చూసే కిట్ ఉంటుంది. మీ తల్లిదండ్రులంతా కలిసి రెండూ చూసే కిట్ కొనివ్వండి, ఖర్చు పెద్దదేమీ కాదు.

దిగేముందు ఒక్క నిమిషం సబ్బు లేకపోయినా షవర్ కింద నిలబడితే ఒంటి మీది మురికి చాలావరకు పోతుంది. తలకి కొబ్బరినూనె పెట్టి పంపొద్దు. నీళ్ళలో మూత్రం పోయొద్దని పిల్లలకి చెప్పండి. పెద్దవాళ్ళకీ చెప్పాలి, మా బ్యాచ్‌లో ఎవరో నాకు తెలుసు గానీ రాయను.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

మాట పూర్తిగా చెప్పలేకపోతే, పెదవులు నీలంగా మారితే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంటే కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. స్పేసర్‌తో నీలం పంపు ఒక్కొక్కటిగా నాలుగు నొక్కులు, ఒక్కో నొక్కుకి నాలుగు ఊపిరులు. నాలుగు నిమిషాల్లో తేడా లేకపోతే మళ్ళీ నాలుగు. ఈలోపే 108కి ఫోన్ చేయండి. కోచ్ బ్యాగులో ఒక పంపు, ఒక స్పేసర్ ఎప్పుడూ ఉండాలి.

కింద కామెంట్లలో ఒకరు మృగశిర కార్తె చేప మందు గురించి అడిగారు. నమ్మకం ఉన్నవాళ్ళు వెళ్ళి రండి, నేను వాదించను. తిరిగొచ్చి పంపు మాత్రం ఆపకండి. అలా ఆపి జూన్ నెలాఖరుకి ఆయాసంతో వచ్చేవాళ్ళు నాకు ఏటా ఉంటారు.

మీరు ఈ వారం పీక్ ఫ్లో అంకెలు, ఆదివారం దగ్గు ఎలా ఉందో, రాత్రి లేస్తోందో లేదో, ఆ సిరప్ సీసా మీద రాసిన మందుల పేర్లు ఇక్కడే పెట్టండి. చూసి చెబుతాను.